వండినోళ్ల పేరేంది?

2007 వేసవి. హోటళ్లకు వంటగది సామాను తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకదాంట్లో నేను డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. పొయ్యిలు, సింకులు, ఫ్రిజ్‌లు, పొగ లాగే గొట్టాలు ఎక్కడెక్కడ ఉండాలో గీసి ఇవ్వడం నా పని. దాన్ని లేఅవుట్ అంటాం. సరుకు ఒకవైపు నుంచి లోపలికి రావాలి, వండిన పళ్లెం ఇంకోవైపు నుంచి బయటికి పోవాలి, ఎంగిలి గిన్నెలు ఈ రెండింటికీ ఎదురు రాకూడదు. నాది మెకానికల్ డిప్లొమా, సొంతూరు అశ్వారావుపేట. మా ఊళ్లో యంత్రాలంటే పామాయిల్ మిల్లులోవే. వంటగదిని కూడా ఒక చిన్న మిల్లులాగా చూడటం నాకు అక్కణ్నుంచే అలవాటైందనుకుంటాను.

ఈ ఉద్యోగం నాకు నచ్చడానికి అసలు కారణం మాత్రం తిండి. హైదరాబాద్ వచ్చిన కొత్తలోనే ప్రతి ఆదివారం ఒక కొత్త హోటల్‌కి పోవాలని పెట్టుకున్నాను. దానికి కొన్ని నియమాలు. ఒకసారి తిన్నది మళ్లీ అడగొద్దు. మెనూలో పేరు అర్థం కానిదాన్నే ముందు తెప్పించాలి. నచ్చకపోయినా పళ్లెం ఖాళీ చేయాలి. ఈ మూడో నియమం పుణ్యమా అని ఒకసారి పనీర్ అనుకుని మేక మెదడు వేపుడు మొత్తం తినేశాను. సంగతి తెలిశాక కూడా అది నాకిష్టమైన వాటిలోనే ఉండిపోయింది.

ఆ వేసవిలో ఖమ్మం నుంచి రామ్మోహన్రావు గారు మా ఆఫీసుకొచ్చారు. దమ్మపేట దగ్గర పామాయిల్ తోటలున్న రైతు. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఖమ్మంలోని ఖానాపురం హవేలి ప్రాంతంలో ఆయనకున్న రేకుల షెడ్డు తీసేసి, అక్కడ రెండంతస్తుల రెస్టారెంట్ కట్టాలని ఆయన ఆలోచన. ఆ షెడ్డులో చాలా ఏళ్లుగా మెస్ నడిపిన గ్రేసమ్మ కూడా ఆయనతో పాటు వచ్చింది. నేను పాలిటెక్నిక్ చదివినన్నాళ్లూ అన్నం తిన్నది ఆ మెస్‌లోనే.

నన్ను చూడగానే, "ఏం రవీ, చిక్కినవు. ఇక్కడ తిండి పెడ్తలేరా?" అంది.

"పెడుతున్నారు పెద్దమ్మా, తిరిగి తిరిగి అరిగిపోతోంది."

రామ్మోహన్రావు గారు నేరుగా పనిలోకి దిగారు. "చూడు బాబూ, ఊళ్లో జనం మారిపోయారు. పప్పుచారు, గోంగూర పెడతానంటే రారు. హైదరాబాద్‌లో ఉన్నట్టు ఉండాలి. చెఫ్‌ని ఇక్కణ్నుంచే తీసుకెళ్తాను. గ్రేసమ్మ మా మనిషి, ఆమెని వదలను. కౌంటర్ దగ్గర కూర్చోబెడతాను."

"కూసునుడు నాకు రాదయ్యా," అంది గ్రేసమ్మ. "పొయ్యి కాడ నిలబడుడే వచ్చు."

ఆయన నవ్వారు కానీ, ఆమె నవ్వలేదు. కాసేపు బేరం నడిచాక ఒక మాట మీదికి వచ్చారు. ఆమె ఈ వారమంతా హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో ఉండి పెద్ద హోటళ్లలో తిని చూడాలి. ఆ వంటలు తనవల్ల అవుతాయో కావో చెప్పాలి. శనివారం ఆయన మళ్లీ వస్తారు, పొయ్యి ఎవరిదో అప్పుడు తేలుతుంది. "నువ్వే తిప్పు," అన్నారు నాతో. "ఎట్లాగూ తిండిపోతువంటగా."

నాకు కూడా ఒక స్వార్థం ఉంది. నడుస్తున్న హోటల్ వంటగది చూడటం చాలా కష్టం. సామాను అమ్మే కంపెనీవాడినంటే ఏ మేనేజరూ లోపలికి రానివ్వడు. తినేవాడిలాగా వెళ్తే హాలు దాటి పోలేం. అందుకే నేను గీసిన లేఅవుట్లలో చాలావరకు పుస్తకాల్లో చూసినవే.

మొదటి రోజు పొద్దున్నే పాతబస్తీలో మేకకాళ్ల పాయా తినడానికి తీసుకెళ్లాను. గిన్నె వచ్చింది. నేను రొట్టె తుంపుతుంటే గ్రేసమ్మ వెయిటర్‌ని ఆపింది.

"బాబూ, ఇది వండినోళ్ల పేరేంది?"

నేను హిందీలో చెప్పాను. అతని ముఖం మారిపోయింది. "ఏమైంది సాబ్, వెంట్రుక వచ్చిందా?"

"ఏం రాలేదు. ఊరికే పేరు అడుగుతోంది."

అతను నమ్మలేదు. లోపలికి పోయి వంటమనిషినే తీసుకొచ్చాడు. నెరిసిన గడ్డం, భుజం మీద తువ్వాలు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. పేరు కైసర్ అని చెప్పాడు. గ్రేసమ్మ కళ్లు మూసుకుంది. "తండ్రీ, నువ్విచ్చిన ఈ ఆహారం కొరకు స్తోత్రం. దీన్ని వండిన కైసర్ చేతులను దీవించు. ఆయన ఇల్లు సల్లగుండాలె. ఆమెన్."

ఆయనకు తెలుగు కొంచెం వచ్చినట్టుంది. తల మీదికి తువ్వాలు లాక్కుని, మెల్లగా "ఆమీన్" అన్నాడు. తర్వాత, పిలవకుండానే మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లి, రాత్రంతా ఉడికిన రాగి డేగిసాలు, కింద కట్టెలు సర్దే తీరు, మూతల మీద పెట్టే బొగ్గులు చూపించాడు. నా ఉద్యోగంలో మొదటిసారి నేను నడుస్తున్న ఒక వంటగది మధ్యలో నిలబడ్డాను.

బయటికొచ్చాక అడిగాను. "పెద్దమ్మా, మెస్‌లో నువ్విట్ల పేరు అడగడం ఎప్పుడూ చూడలేదే?"

"అక్కడ వండేది నేనే గదా బిడ్డా. నా పేరు నేనే అడుక్కోవాల్నా?" అని నవ్వింది. "మా అమ్మ నేర్పింది. ఎవరింట్ల తిన్నా వండినోళ్ల పేరు పెట్టి ప్రార్థన చెయ్యాలె. మా ఊళ్లె అడిగే పనుండదు, అందరూ తెలిసినోళ్లే. ఈడ తెల్వదాయె."

ఆ వారం మా తిరుగుడు అట్లాగే సాగింది. అమీర్‌పేటలో బెంగాలీ ఆవపిండి చేప, సికింద్రాబాద్‌లో చెట్టినాడు కోడి, రాయి మీద కాల్చిన మేకమాంసం. గ్రేసమ్మ దేనికీ వెనకడుగు వేయలేదు. నా నియమాలు చెబితే ఆమెకు బాగా నచ్చాయి. ఒకచోట సముద్రపు స్క్విడ్ వేపుడు తెప్పించాను.

"గిదేంది బిడ్డా, రబ్బరు గాజుల్లెక్క ఉన్నయి?"

"నములు పెద్దమ్మా."

"నములుతనే ఉన్న. రేపటిదాంక నములుత."

పళ్లెం మాత్రం ఖాళీ చేసింది. ప్రతిచోటా పేరు అడిగేది, ప్రతిచోటా ముందు కంగారు పుట్టేది. కొందరు పేరు చెప్పి పంపేశారు. కొందరు బయటికొచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మమ్మల్ని లోపలికి పిలిచారు. నేను టేపు తీసి కొలతలు రాసుకుంటుంటే, ఆమె వాళ్లతో చేతి సైగలతో మసాలాలు మాట్లాడేది.

బంజారాహిల్స్‌లో ఒక థాయ్ హోటల్‌కి వెళ్లినరోజు మర్చిపోలేను. ఆకుపచ్చ కూర వచ్చింది. గరిటెతో కలిపి, ఒక ముక్క పైకి తీసి, వాసన చూసి పెద్దగా నవ్వింది. పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు.

"ఓరి రవీ! ఇవి వెదురు కొమ్ములురా! వానకాలం మా అడవిల పీక్కొచ్చుకునేటియి. ఇంత దూరమొచ్చి, ఏసీల కూసోని మా అడవి కూర తింటున్న సూడు!"

వండినతను మిజోరాం నుంచి వచ్చిన కుర్రవాడు. పేరు లాల్‌థాంగా. ఆమె నోరు తిరగలేదు. అతన్ని ఎదురుగా నిలబెట్టి పలికి చూసుకుంటూనే ఉంది. కూర చల్లారిపోతోందని నేను గుర్తుచేస్తే, "ఆగురా, దేవునికి తప్పు పేరు చెప్పొద్దు," అంది.

అతని వంటగదిలో గోడకి ఒక ఇనుప ముల్లు ఉంది. హాలు నుంచి వచ్చే ఆర్డర్ చీటీలను దానికి గుచ్చుతారు. ఆ చీటీని కేవోటీ అంటారు. వంటమనిషికి తెలిసేది ఆ చీటీలో టేబుల్ నంబర్ ఒక్కటే. "నేను వండింది ఎవరు తింటారో నాకు కనపడదు," అన్నాడు లాల్‌థాంగా హిందీలో. "పేరడిగి పిలిచింది ఈ అమ్మ ఒక్కరే." ఆ మాట గ్రేసమ్మకి తెలుగులో చెప్పాను. ఆమె అతని పొయ్యి మీది కడాయిలోకి చూడబోయి, అందక, మునివేళ్ల మీద లేచింది. ఆమె నా భుజం కన్నా కిందికే ఉంటుంది.

ఆటోలో తిరిగొస్తుంటే ఆమె మొదటిసారి దిగులు బయటపెట్టింది. "వండగల్నా లేదా అన్న రంది లేదురా నాకు. నేర్సుకుంట. రావుగారు నన్ను పొయ్యి కాడ నిలబడనిస్తడా అనే. కౌంటర్ల కూసుంటే నాకు చేతులెందుకు?"

శనివారం రామ్మోహన్రావు గారు వచ్చారు. మధ్యాహ్నం భోజనానికి ఆయనకు నచ్చిన చోటికే తీసుకెళ్లారు. చుట్టూ అద్దాలు, టేబుల్ మీద గుడ్డ రుమాళ్లు, ఉత్తరాది నుంచి చైనా దాకా అన్నీ ఉన్న మందపాటి మెనూ. "ఇదీ నేను కట్టబోయేది. మొత్తం ఇట్లాగే గీయి," అన్నారు నాతో. ఆయనే నాలుగు రకాలు చెప్పారు. వచ్చాయి. గ్రేసమ్మ వెయిటర్ వైపు తిరిగింది.

"బాబూ, ఇవి వండినోళ్ల పేరేంది?"

అతను లోపలికి పోయాడు. రాలేదు. ఇంకొకతన్ని అడిగాం, అతనూ పోయాడు. కూరల మీద నెయ్యి పేరుకుంటోంది. రామ్మోహన్రావు గారు రొట్టె చేతిలో పట్టుకుని, "ఇప్పుడు ఈ పేరెందుకు గ్రేసమ్మా? ఆకలేస్తోంది," అన్నారు.

"మీరు తినుర్రి అయ్యా. నాకు పేరు రానియ్యుర్రి."

పెద్దమనిషి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కడే ఎట్లా తింటాడు? ఆయనా రొట్టె దింపేశారు. చివరికి కోటు వేసుకున్న మేనేజర్ వచ్చి ఇంగ్లీషులో వివరించాడు. ఆ హోటల్‌కి ఊరి బయట ఒక బేస్ కిచెన్ ఉందట. అంటే గ్రేవీలన్నీ ఒకచోట పెద్ద మొత్తంలో వండి, డబ్బాల్లో అన్ని శాఖలకూ పంపుతారు. ఇక్కడ వేడిచేసి, ముక్కలు కలిపి ఇస్తారు. అందువల్ల ఫలానావాళ్లు వండారని చెప్పలేమట.

నేను తెలుగులో చెప్పాను. గ్రేసమ్మ కళ్లు మూసుకుంది. "తండ్రీ, ఇది ఎవరు వండిర్రో ఈళ్లకు తెల్వదట. నీకు తెలుసు. ఆళ్ల చేతులను దీవించు. ఆమెన్." కళ్లు తెరిచి, "అవ్, ఇగ తినుర్రి," అంది.

రామ్మోహన్రావు గారు రెండు ముద్దలు తిన్నారు. మెనూ మళ్లీ తెరిచి, మూసి, దూరంగా జరిపారు.

"గ్రేసమ్మా, రేపు మన హోటల్‌లో ఎవరైనా ఇట్లా పేరు అడిగితే ఏం చెప్పాలి?"

"గ్రేసమ్మ అని చెప్పుర్రి," అందామె, తినడం ఆపకుండా.

"మరి ఈ వారంలో తిన్నవన్నీ వండుతావా?"

"అన్నీ ఎందుకయ్యా? ఆళ్లయి ఆళ్లు మంచిగ వండుతుర్రు. చేప నేర్సుకుంట, రాయి మీద మాంసం నేర్సుకుంట. కోడిల వెదురు కొమ్ములేసి మనదే చేస్త. గా రబ్బరు గాజులు మాత్రం నాతోని కాదు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత నావైపు తిరిగి, "బాబూ, టేపు ఉందా? ఆమె ఎత్తు కొలువు. ఆ లెక్కన గీయి," అన్నారు.

వంట బల్ల ఎత్తుకు మా కంపెనీలో ఒక స్టాండర్డ్ ఉంది, 850 మిల్లీమీటర్లు. ఎవరికోసమని అడిగితే ఎవరూ చెప్పలేరు. అద్దాల హోటల్ మధ్యలో, వెయిటర్లందరూ చూస్తుండగా, గ్రేసమ్మని నిలబెట్టి మోచెయ్యి మడవమన్నాను. చేతులు కడిగిన నీళ్లు ఇంకా కారుతున్నాయి. నేల నుంచి మోచేతి దాకా కొలిచి, బల్ల మోచేతి కన్నా కిందికి ఉండాలి కాబట్టి అందులోంచి నాలుగు అంగుళాలు తీసేశాను. 750 దగ్గర తేలింది. వండిన పళ్లేలు హాల్లోకి అందించే కిటికీని పాస్ అంటాం. లేఅవుట్ గీసేటప్పుడు దాని అంచు కూడా, ఆమె నిలబడి చూస్తే టేబుళ్లన్నీ కనిపించేంత కిందికి దించాను. లేఅవుట్ మీద చెఫ్ అని మామూలుగా అచ్చు వేసే చోట ఆమె పేరు రాశాను.

హోటల్ కట్టేవాళ్లను అడిగి నింపే మా రిక్వైర్‌మెంట్ షీట్‌లో మొదటి ప్రశ్న, ఎంతమంది కూర్చుని తింటారు అని ఉండేది. ఇప్పుడు నేను దాన్ని రెండోదిగా అడుగుతాను. మొదట అడిగేది వండేవాళ్ల పేరు. పేరు చెప్పగలిగితే ఎత్తు చెప్పగలరు, ఎడమచేతివాటమో కుడిచేతివాటమో చెప్పగలరు, మిగతా లేఅవుట్ దాన్నుంచి వస్తుంది. చెప్పలేకపోతే, ఇంకా వంటగది గీసే సమయం రాలేదని నాకు అర్థమవుతుంది.

ఖమ్మంలో హోటల్ తెరిచిన రోజు నన్ను పాస్ కిటికీకి ఎదురుగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. వెదురు కొమ్ముల కోడికూర వచ్చింది. ఆకలి మీద ముద్ద కలిపాను. పాస్ లోంచి గరిటె చప్పుడైంది.

"ఏందిరా రవీ, పేరు అడగవా?"

ముద్ద పళ్లెంలో పెట్టేసి, హాలంతా వినేలా అడిగాను.