శుక్రవారం ఉపవాసం

శుక్రవారం వస్తోందంటే నాకు భయం. ఏళ్లుగా ఈ బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బుచ్చిరెడ్డిపాలెంలో ఒక బ్యాంకులో గుమాస్తాగా ఉండేదాన్ని. ఆఫీసరు కావాలంటే పరీక్ష రాయాలి. చదవడానికి తీరికేదీ? పగలంతా కౌంటరు, ఇంటికెళ్తే పొయ్యి, పిల్లలు. చదువుకుంటాను, కాస్త ముందు వెళ్తానంటే మేనేజరు గారు ఒప్పుకునే రకం కాదు. అందుకని, శుక్రవారం మా చర్చిలో ఉపవాస ప్రార్థన ఉందన్నాను. దేవుడి పేరెత్తితే ఆయన కాదనలేకపోయారు. అందరి ముందూ మధ్యాహ్నం అన్నం మానేసి, సాయంత్రం బజ్జీలు తిని, పక్క వీధి లైబ్రరీలో పుస్తకం తెరిచేదాన్ని. సిగ్గుపడాల్సింది పోయి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ సాయంత్రాలు నా పని కూడా పక్క సీటు పెంచలయ్యే చూసేవాడు. నాకన్నా చిన్నవాడు, రోజూ సంగం నుంచి వచ్చిపోయేవాడు. ఒక శుక్రవారం నేను బ్యాగు సర్దుకుంటుంటే దగ్గరికొచ్చాడు.

"అక్కా, మా యమ్మకి బాగలేదు. ప్రార్థనలో ఆమె పేరు కూడా చెప్పు."

"చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. ఆ సాయంత్రం ఒక పాఠం పూర్తిచేశాను.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక శుక్రవారం, వాళ్లమ్మకు ఆయాసం ఎక్కువైందని అతనికి సంగం నుంచి ఫోనొచ్చింది. అప్పటికే నేను లైబ్రరీలో ఉన్నాను. ఒక్క మాట చెబితే పరుగున బ్యాంకుకెళ్లి నా పని నేను అందుకునేదాన్ని. నా ఫోను పుస్తకం పక్కనే ఉంది. మోగలేదు. రెండు సీట్ల పనీ ముగించుకుని అతను ఇల్లు చేరేసరికి తల్లి పోయింది.

పలకరించడానికి వెళ్లి, నన్ను పిలిచి ఉండకూడదా అని అడిగాను.

"నువ్వు ప్రార్థనలో ఉంటివి గదక్కా. మా యమ్మ కోసరమే గదా చేస్తా ఉండేది. మధ్యలో ఎట్లా లేపేది?"

నేను పరీక్ష పాసయ్యాను. ఆఫీసరునయ్యాను. చదువుకోవాలనుకోవడం తప్పా? కాదు. ఎన్నిసార్లు వేసుకున్నా ఈ ప్రశ్నకు అదే జవాబు వస్తుంది, కానీ దాని వెనకే ఇంకోటి వస్తుంది. చదువుకుంటున్నానని అతనికి నిజం చెప్పి ఉంటే? అప్పుడూ నా పని చేసిపెట్టేవాడే. ఆ రోజు మాత్రం ఫోన్ చేసేవాడు.

మొన్న చేశాడు. వాళ్లావిడకు ఆపరేషనట, శుక్రవారమే. "నీ ప్రార్థన మీద నాకు నమ్మకం అక్కా" అన్నాడు. మళ్లీ "చేస్తాలే" అన్నాను. నోటికి అలవాటైపోయింది.

రేపే శుక్రవారం. నిజంగానే మోకరించాను. మాట పెగలడం లేదు. ఆమెకేమైనా అయితే? ఏమీ కాకపోతే, అది నా ప్రార్థన వల్లేనని అతను నాకు దణ్ణం పెడితే?

పెంచలయ్యకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెబుతుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆ శుక్రవారాలు నేను ప్రార్థన చెయ్యలేదు. చదువుకున్నాను.