దేవుడి కుండలో బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళన్నింటా ఆ అలవాటు ఉండేది. ఎవరికోసం ప్రార్థన చేస్తున్నామో వాళ్ళ పేరు చెప్పుకుని, ఆ పిడికెడు ఒక చిన్న కుండలో వెయ్యాలి. ఆదివారం చర్చికి తీసుకెళ్తే ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్ళకు పంచేవారు. ఆ కుండను మేము దేవుడి కుండ అనేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలంలో, మా తమ్ముడు జ్వరంతో పోయాడు. ఆర్నెల్ల పసివాడు. కొల్లేరు పొంగి దారులన్నీ మునిగాయి, ఏలూరు ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. వాణ్ణి సమాధి చేసి వచ్చిన రోజునుంచి మా అమ్మ మాట మానేసింది. ఏడవనైనా ఏడవలేదు. పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు. పిలిస్తే చూసేది, అంతే. పెడితే రెండు మెతుకులు కతికేది. చిక్కి సగమైపోయింది. "ఇలాగే ఉంటే ఇదీ మనకు దక్కదురా" అని మా మామ్మ నాన్నతో అంటుంటే విన్నాను. మామ్మంటే మా నాన్నగారి అమ్మ.

మా చర్చి ఊరి చివర దిబ్బ మీద ఉండేది. దొరల కాలంనాటిది. నీళ్ళు ఎంత పొంగినా ఆ దిబ్బ మునగదని, అక్కడ మోకరించి అడిగితే దేవుడు కాదనడని నమ్మి, లంకల్లోని వాళ్ళు కూడా దోనెల మీద వచ్చేవారు. మామ్మ రోజూ సాయంత్రం అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడికి నడిపించుకెళ్ళేది. వెనకాల నేను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చునేది. మామ్మ మోకరించి, గచ్చుకు నుదురు ఆనించి బావురుమనేది. "నా కోడల్ని నాకిచ్చెయ్యి తండ్రీ, దాని నోట ఒక్క మాట పలికించు." రోజూ అదే ప్రార్థన. లేచేసరికి గచ్చు తడిసి ఉండేది. ఆ తడి చెంగుతో తుడిచి, "పదండమ్మా, పొద్దుపోతోంది" అనేది, ఏమీ జరగనట్టు.

వంట మామ్మ చేతికి వచ్చింది. పిడికెడు తీసే పని నాకు అప్పగించింది. "మీ అమ్మ పేరు చెప్పి వెయ్యి, అమ్మడూ" అంది. నేను ముందునుంచీ ఓపిక లేనిదాన్ని. వేసిన మర్నాడు లేస్తూనే అమ్మ మొహంలోకి చూసేదాన్ని. వారం చూశాను. నెల చూశాను. నెలన్నర దాటాక నాకు ఒళ్ళు మండిపోయింది. విననివాడికి బియ్యం దేనికని, తీసిన పిడికెడు మళ్ళీ ఎసట్లోనే పోసేశాను. ఆ వారమంతా అదే పని. అది చాలక మామ్మను నిలదీశాను. "ఆయన వింటే ఇన్నాళ్ళు పడుతుందా మామ్మా? రోజూ అలా ఏడవడానికి నీకు సిగ్గులేదా?"

ఎంత మాటన్నాను! ఇప్పటికీ గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను. మామ్మ మాత్రం కోప్పడలేదు. "ఎప్పుడు ఇస్తాడో నాకేం తెలుసే. అడగడం నా పని. మీ అమ్మకు ఏడుపు రావట్లేదు, దాని బదులు నేను ఏడుస్తున్నాను. దానికి వచ్చేదాకా ఏడుస్తాను" అంది.

ఆదివారం పొద్దున్న మామ్మ కుండ దించుతుంటే నేను ఆమె వెనక్కి తప్పుకున్నాను. ఖాళీ కుండకు ఏం జవాబు చెప్పాలి? మామ్మ చెయ్యి లోపల పెట్టి, "ఏమే, ఈ వారం ఇన్నేశావా?" అంది. తొంగి చూశాను. కుండలో సగానికి పైగా బియ్యం! హడలిపోయి, ఏడుస్తూ నిజం కక్కేశాను. మామ్మకు అంతుపట్టలేదు. "మరెవరేశారే?"

"నేనేనండీ అత్తయ్యా."

గుమ్మం దగ్గరినుంచి అమ్మ గొంతు. బొంగురుపోయి, ఎవరిదోలా ఉంది. "పిల్ల వెయ్యడం మానేసిందండీ. రోజూ మీరలా ఏడుస్తుంటే చూడలేక, మీరు పాలకెళ్ళినప్పుడు నేనే వేశాను. మీ పేరు చెప్పి వేశానండీ."

ఆ మాట పూర్తి చేస్తూనే అమ్మ ఏడ్చింది. తమ్ముడు పోయాక మొదటిసారి, వాడి పేరు పెట్టి పిలుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. మామ్మ కుండ అక్కడే వదిలేసి వెళ్ళి అమ్మను గుండెలకు హత్తుకుంది. ఆ రోజు చర్చికి చాలా ఆలస్యంగా వెళ్ళాం. కుండ అమ్మే మోసింది.

ఆ రోజుతో అంతా బాగైపోయిందని చెప్పను. అమ్మ నవ్వడానికి ఇంకో ఏడాది పట్టింది. మామ్మ ప్రార్థన ఆ ఏడాదంతా సాగింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తాడేపల్లిగూడెంలో కుక్కర్లో వండుకుంటున్నాను. పిడికెడు తీసి స్టీలు డబ్బాలో వేస్తాను, దేవుడి మీద కోపం వచ్చిన రోజున కూడా. చర్చిలో ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా గోడకు ఆనుకుని కూర్చుంటే, వెళ్ళి పక్కన కూర్చుని వాళ్ళకోసం ప్రార్థన చేస్తాను. వాళ్ళకేమీ పట్టడం లేదని మాత్రం అనుకోను. ఆ వారం నేను బియ్యం ఎసట్లో పోసేస్తుంటే మా అమ్మ చూస్తూనే ఉంది.