తాళాలు అంకుల్‌కి ఇవ్వండి

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను టకానిని రైల్వే స్టేషన్‌లో ఉన్నాను. వస్తున్నానాంటీ అన్నాను. అని, ఎదురుగా ఆగిన రైలెక్కి ఆఫీసుకు వెళ్లిపోయాను. మెయిళ్లకు జవాబులు కూడా ఇచ్చాక గాని ఇంటికి తిరిగి వెళ్లాలన్న సంగతి తట్టలేదు. ఏడుపు అప్పుడూ రాలేదు, ఇది రాస్తుంటే ఇప్పుడూ రావడం లేదు.

అంకుల్‌ది భీమవరం. మందు చుక్క ముట్టని మనిషి. ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్లలో ఎవరింట విందు జరిగినా గుమ్మం దగ్గర ఒక స్టీలు డబ్బా పెట్టేవారు. తాగదలచుకున్న వాళ్లు కారు తాళాలు అందులో వేసేయాలి. విందయ్యాక అంకుల్ ఒక్కో కుటుంబాన్నీ వాళ్ల కారులోనే ఇంటి దగ్గర దింపేవారు. ఆంటీ తమ కారులో వెనకాలే వెళ్లి ఆయన్ని ఎక్కించుకునేవారు. "ముందు బెల్టు, తర్వాత కబుర్లు" అనేవారు అంకుల్. దారిలో ఎవరేం వాగారో మర్నాడు ఎవరికీ చెప్పేవారు కాదు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో అలా ఎవరి కారులోనో కూర్చుని నేను వాగినవీ ఆయనతోనే పోయాయి.

షుగర్ ఆయనకు ఏళ్లుగా ఉంది. "ఇంటల్లుడయ్యా అది. పొమ్మనలేం, మర్యాద చెయ్యాల్సిందే" అని నవ్వేవారు. మాత్రలు వేసుకునేవారు, కళ్లూ పాదాలూ చూపించుకునేవారు. ఒకసారి పరీక్షలో ఫ్యాటీ లివర్ అని వస్తే మేమంతా పడీపడీ నవ్వాం. తాగేది మేము, లివర్ చెడేది మీకా అంకుల్ అన్నాం. ఆయనా నవ్వేసి, తర్వాత చేయించమన్న స్కాన్ చేయించుకోలేదు. లివర్ జబ్బంటే తాగుబోతుల జబ్బేనని మా అందరి నమ్మకం.

పక్కలో నొప్పి మొదలయ్యాక ఆస్పత్రికి నేను తీసుకెళ్లాను. పక్క సీట్లో కూర్చుని ప్రతి సిగ్నల్ దగ్గరా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. డాక్టరమ్మ మందు ఎంత తాగుతారని అడిగింది. అసలు అలవాటే లేదన్నాక నిదానంగా వివరించింది. ఏళ్ల తరబడి షుగర్, దానికి తోడు లివర్‌కు పట్టిన కొవ్వు, దాంతో గట్టిపడిన లివర్, అందులో క్యాన్సర్ గడ్డ. షుగర్ ఉన్నవాళ్లందరికీ రాదట, లేనివాళ్ల కంటే ముప్పు మాత్రం ఎక్కువట.

తిరిగొస్తూ అంకుల్ చావు గురించి మాట్లాడలేదు.

"లివర్ అంటే మనోళ్లు ఏవనుకుంటారో నీకు తెల్సు కదయ్యా. తాగి పోయాడంటారు. మీ ఆంటీ ఆ మాట పడకూడదు. షుగర్ వల్లేనని నువ్వు చెప్పు."

కనిపించినవాళ్లందరికీ చెప్పాను. అందరూ తలూపారు. పెద్దకర్మ భోజనాల్లో మాత్రం ఒక పెద్దాయన, అంకుల్ కారులో దింపనిదే ఇల్లు చేరని మనిషి, పక్కనున్నాయనతో మెల్లగా అన్నారు. "చాటుగా అలవాటుండేదేమోనండీ. లేకపోతే లివర్ ఎందుకు పోద్ది?"

మంచినీళ్లు పోస్తున్న ఆంటీ ఆగారు.

"అన్నిసార్లు ఆయన పక్కన కూర్చుని ఇంటికెళ్లారు కదండీ. ఎప్పుడైనా వాసనొచ్చిందా?"

పెద్దాయన గ్లాసు ముందుకు జరిపారు. ఆంటీ ఆయన గ్లాసులో నీళ్లు పోసి పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయారు. నాకు కోపమో తృప్తో కలగాలి. ఏదీ కలగలేదు. పెరుగన్నం కలుపుకున్నాను.

మొన్న శనివారం ఒకరింట్లో విందు. గుమ్మం దగ్గర అలవాటుగా డబ్బా పెట్టారు. ఆ పెద్దాయన వస్తూనే అలవాటుగా తాళం అందులో వేశారు. ఖంగుమంది. లోపలున్నవాళ్లంతా గుమ్మం వైపు తిరిగారు. ఆయన చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది.

నేను దగ్గరికి వెళితే, నా వైపు చూడకుండానే అడిగారు. "నిజంగా షుగర్ వల్లేనా అబ్బాయ్?"

"అవునండీ."

"నాకూ షుగరేనయ్యా" అన్నారు.

ఆ రోజు ఎవరూ మందు గ్లాసు ముట్టలేదు. డబ్బాలో ఆ తాళం ఒక్కటే ఉంది.