వాలు అక్షరాల పెట్టె

పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు పాణ్యం నుంచి ఒకాయన వచ్చి, కూతురి పెండ్లి కార్డు అచ్చు వేయమని కాగితం ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను నంద్యాలలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుని.

కార్డుకు ఒక పక్క తెలుగు, రెండో పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషుకు వాలు అక్షరాలు వాడేవాళ్లం. మద్రాసు నుంచి తెప్పించినవి, ఒక చిన్న పెట్టెడు. కలంతో రాసినట్టు కుడికి ఒరిగి, గీత లావు నుంచి సన్నానికి దిగి, కొసన చిన్న మొనతో ఆగేవి. కొన్నింటి తోక సీసపు దిమ్మెను దాటి బయటికి ఉండేది. వేలు గట్టిగా తగిలితే విరిగేది. పెండ్లిళ్లకు తప్ప ఆ పెట్టె తీసేవాళ్లం కాదు. చావు కార్డులకు నిలువు అక్షరాలే.

అంతకు నెల ముందు వాటితో నా చెల్లెలి పెండ్లి కార్డు పేర్చాను. ఆళ్లగడ్డ సంబంధం. ప్రూఫు ఇంటికి తెస్తే తిప్పి తిప్పి చూసింది.

"ఏందన్నా ఇవి, కల్లు తాగినట్ల ఒరిగినాయి?"

"అందం కోసం."

"యాడ అందం? ఆళ్లగడ్డలో వీటిని చదివేదెవరు?"

"నీ మొగుడు."

"అయితే ఆయప్పకు మెడ పట్టుకుంటాది," అని నవ్వింది.

అచ్చు వేసే లోపలే ఆమెకు విషజ్వరం వచ్చింది. పదకొండో రోజు పోయింది. ప్రూఫును అమ్మ పొయ్యిలో వేసింది. చెల్లెలికి ఎప్పుడూ ఫోటో తీయించలేదు. దారంతో కట్టిన ఆ అక్షరాలు మాత్రం ప్రెస్సులో రాతిబల్ల మీద అట్లే ఉన్నాయి. విప్పి మళ్లీ పెట్టె అరల్లో వేయాల్సింది నేను. విప్పలేదు. ఎవరూ అడగలేదు.

పాణ్యం పెండ్లికూతురి పేరుకు మొదట రావలసిన ఇంగ్లీషు పెద్దక్షరం మా పెట్టెలో రెండే ఉండేవి. ఒకటి ఎప్పుడో విరిగింది. రెండోది నా చెల్లెలి పేరులో ఉంది.

యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నీకు కష్టమైతే నేను విప్పుతాలేప్పా."

"నేనే విప్పుతా."

"ఒక ప్రూఫు తీసి పెట్టుకోరాదా?"

"దాంట్లో ముహూర్తం ఉంది."



దారం విప్పాను. ఒక్కో అక్షరాన్ని దాని అరలో వేశాను. ఆమె పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం అరలో వేయకుండా నేరుగా పాణ్యం కార్డుకు పెట్టాను. చక్కగా అచ్చయింది. కార్డు అందంగా ఉందని పాణ్యం ఆయన అన్నాడు.

ఇప్పుడు నంద్యాలలో పెండ్లి కార్డు అచ్చయ్యాక అక్షరాలు విప్పి అరల్లో వేసే పని ఎవరూ చేయడం లేదు.