అలవాటు అన్న మాట

మొన్న మోకాలు పట్టేసి నడవలేక సాలూరు ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు రాసిన మందులు తీసుకుంటుంటే షాపతను ఎర్రగీత ఉన్న అట్ట ఒకటి పైకెత్తి, "ఇది మాత్రం జాగర్తమ్మా, ఎక్కువ వాడితే అలవాటైపోద్ది" అన్నాడు. మంచిమాటే చెప్పాడు పాపం. కానీ ఆ అలవాటు అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "అలవాటు కాదు బాబూ, ఇంకేదైనా మాట ఉంటే చెప్పు" అని కసిరేసి వచ్చేశాను. అతను నా వంక వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. బస్సులో పాచిపెంట దాకా మా బావే కళ్ళలో మెదిలాడు.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మేం అప్ప అంటాం. ఆయన్ని తలుచుకుంటే ముందు చెట్టుమీదే కనబడతాడు. అరకు దగ్గర వాళ్ళ కాఫీ తోటలో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకించారు. ఒంటి వెదురు నిచ్చెన ఆనించి చిటారుదాకా ఎక్కేవాడు. మిరియాలు కోస్తున్నంతసేపూ నోరు మూతపడేది కాదు. "ఏటే మరదలు గుంటా, ఇక్కణ్ణించి మీ పాచిపెంట కనబడతంది. మీ ఆయన అన్నం మాడబెట్టేత్తన్నాడు, బేగెల్లు!" అని అరిచేవాడు. అప్ప కింద నిలబడి, నిచ్చెన పట్టుకుని, తిట్టుకుంటూ నవ్వేది. తోటలో పనివాళ్ళు కూడా ఆయన చెట్టుమీద ఉన్న రోజు ఉత్సాహంగా ఉండేవారు. అలాంటివాడు ఒకనాడు వాన వెలిసిన వెంటనే నాచు పట్టిన చెట్టెక్కి, జారి, నడుం మీద పడ్డాడు.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు కొన్నాళ్ళకని నొప్పి మాత్రలు రాసిచ్చారు. ఎన్నాళ్ళకో, ఎలా ఆపాలో చెప్పే ఉంటారు, అయితే ఇంగ్లీషులో చెప్పుంటారు, లేకపోతే గబగబా చెప్పుంటారు. మాత్ర వేసుకుంటే నడుం తేలికపడేది, మనసూ తేలికపడేది. సంత దగ్గర మందుల కొట్లో ఖాళీ అట్ట చూపిస్తే చాలు, నిండు అట్ట చేతిలో పెట్టేవారు. ఎముక అతుక్కుంది, బావ నడిచాడు, తోటకెళ్ళాడు. మాత్ర మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగాలో అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు లేరు.

ఆ మరుసటి వానాకాలం, నేను అప్పని చూడ్డానికి వెళ్ళి అక్కడుండగానే, కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు మూసుకుపోయింది. కొట్లో మందులు అయిపోయాయి. ఒకరోజు గడిచేసరికి బావకి ఆగకుండా ఆవలింతలు, కళ్ళంట ముక్కంట నీళ్ళు, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని వణుకు. పొయ్యి పక్కన గొంగళి కప్పుకుని కూర్చున్నా కాళ్ళు వాటంతట అవే తన్నుకుంటున్నాయి. మన్యంలో వణికిన మనిషికి ఇంకో జబ్బు ఉంటుందని ఎవరనుకుంటారు? చలిజొరం అన్నారు. ఆశా కార్యకర్త వేలు గుచ్చి రక్తం చూసి, మలేరియా లేదంది. "లేకపోడమేటి, లోపల దాక్కుంది" అన్నాడు బావ అన్న. ఆయన్ని అప్ప పెద్దబావ అంటుంది, నేనూ అంతే. రోడ్డు తెరిచారు, మాత్రలొచ్చాయి, బావ ఒకటి మింగాడు. కాసేపటికే లేచి అంబలి తాగి, నన్ను చూసి వేళాకోళం మొదలెట్టాడు. ఇంకేముంది, ఈ మాత్ర చలిజొరానికి కూడా పనిచేస్తుందని ఊరంతా పాకింది. పక్కింటామె తన మొగుడికని ఒకటి అడిగి పట్టుకుపోయింది కూడా. నవ్వొస్తుంది గానీ, ఏం లాభం?

రెండోసారి మాత్రలు దొరకనప్పుడు అప్ప ఊరి మాట వినకుండా ఆయన్ని పెద్దాస్పత్రికి లాక్కుపోయింది. తోడు నేనూ వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ అడిగి తెలుసుకుంది. "ఇది జ్వరం కాదు. మీ ఒంటికి ఈ మందు అలవాటైపోయింది. ఒక్కసారిగా ఆపకండి, నేను చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గిద్దాం" అంది. ఎంత చక్కగా చెప్పింది! కానీ మా వైపు 'అతనికి అలవాటుంది' అంటే తాగుబోతు అని మర్యాదగా చెప్పడం. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఆ ఒక్క మాటే మాకన్నా ముందు ఇల్లు చేరింది.

"అలవాటంట! సారా అలవాటు సూసినాం, బిళ్ళల అలవాటు ఇప్పుడు ఇంటన్నాం" అని పెద్దబావ వాకిట్లో మనుషుల్ని పోగేశాడు. సారా మాన్పించడానికి మా దగ్గర ఒక పద్ధతుంది. కొండదేవత రాయి ముందు నిలబెట్టి, పెళ్ళాం తలమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టిస్తారు. ఆ పూటనుంచే బంద్. అలా మానినవాళ్ళున్నారు, కాదనను. "మెల్లగా తగ్గించమంది కదా డాక్టరమ్మ" అని నేను నోరు తెరిస్తే, "మెల్లగా మానడమేటే? దొంగోడు రోజుకి కూసింత తక్కువ దొంగతనం సేత్తానన్నట్టుంది" అన్నాడు పెద్దబావ. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. తల దించుకుని వెళ్ళి అప్ప తలమీద చెయ్యి వేశాడు. తప్పితే ఆ తల రాలిపోవాలన్నది ఒట్టు.

తర్వాత జరిగింది చూసినవాళ్ళు పగవాడికి కూడా కోరుకోరు. విరేచనాలు, చెమట, ఒక్క కునుకు లేదు. "ఎముకల్లోపల సీమలు తిరుగుతున్నాయే" అని గోడకి వీపు రుద్దుకునేవాడు. పెద్దబావ అరుగుమీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి "గట్టోడే, నిలబడతాడు" అని చెబుతుండేవాడు. చివరికి బావ ఎక్కడో మిగిలిపోయిన అట్ట ఒకటి వెతికి, ఒక మాత్ర మింగేశాడు. సరిగ్గా ఆ వారంలోనే అప్పకి జ్వరం తగిలింది. ఈసారి రక్తంలో మలేరియా ఉంది. ఊళ్ళో సగం ఇళ్ళలో అదే జ్వరం, దోమలకి ఒట్లు తెలుస్తాయా? పెద్దబావ ఏమీ అననక్కర్లేకపోయింది. బావే గుండెలు బాదుకుని, "నానే సంపేత్తన్నాను దీన్ని" అని చెప్పేశాడు. మిగిలిన మాత్రలు పొయ్యిలో పడేసి, అప్పని ఆస్పత్రికి మోసుకెళ్ళాడు.

డాక్టరమ్మ వార్డుకి వచ్చేసరికి మంచం మీద అప్ప, మంచం కింద బావ, ఇద్దరూ వణుకుతున్నారు. "వీళ్ళలో ఎవరమ్మా పేషెంటు?" అంది. సంగతి చెప్పాను. ఆమె నేలమీదే బావ పక్కన కూర్చుంది. "చూడు బాబూ, నువ్వు తప్పు చేయలేదు. నొప్పిని ఓర్చుకునే పని ఒళ్ళు ఆ మందుకి అప్పజెప్పేసి కూర్చుంది. ఒక్కసారిగా ఆపితే గోల చేస్తుంది. దాని పని అది మళ్ళీ నేర్చుకోడానికి టైమివ్వాలి" అంది. అప్ప మంచం మీంచి నీరసంగా, "నా తల నాది. ఒట్టు తీసి గట్టుమీద పెట్టేసినాను. ఇంక నానిచ్చినంతే మింగు" అంది.

అప్ప లేచాక అలాగే నడిపించింది. మాత్రలు తన దగ్గరే పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పినంతే ఇచ్చేది. తగ్గించినప్పుడల్లా కొన్నాళ్ళు చిరాకు, నిద్రలేమి. మరీ కష్టమైతే డాక్టరమ్మ ఇంకొన్నాళ్ళు అక్కడే ఆపేది, వెనక్కి మాత్రం వెళ్ళనిచ్చేది కాదు. వేడినీళ్ళు పోసుకోవడం, ఉప్పు పంచదార నీళ్ళు, కాళ్ళు ఆగకపోతే తోటలో ఆ చివరికీ ఈ చివరికీ నడక. బావ బతిమాలేవాడు, అలిగేవాడు, "జైలు సూపరింటెండెంటువే నువ్వు" అని తిట్టేవాడు. కాఫీ పండ్లు కోతకొచ్చేసరికి మాత్ర పూర్తిగా పోయింది. చెట్టు మాత్రం అప్ప ఎక్కనివ్వలేదు. కింద నిలబడే అరుపులు మొదలెట్టాడు మళ్ళీ.

కథ ఇక్కడితో ఆగితే నేనెందుకు షాపతని మీద పడతాను? కొన్నేళ్ళకి బావకి కేన్సరొచ్చింది, ఎముకల్లోకి పాకింది. విశాఖపట్నం డాక్టర్లు చేయగలిగింది చేసి, నొప్పి తెలియకుండా ఉండడానికి మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఆ జాతి మాత్రలేనని తెలియగానే బావ పెదాలు బిగించేశాడు. ఈ నొప్పికి ఇదే సరైన మందని, ఇప్పుడు భయపడాల్సింది లేదని డాక్టరమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది. అప్ప ఆయన కాళ్ళు పట్టుకుంది. "నాను బతికే ఉన్నాను కదా, సూడు! ఒట్టు ఏనాడో గట్టుమీద పెట్టేసినాం కదా!" అని ఏడ్చింది.

"గట్టుమీద పెట్టింది ఏటికీ కొట్టుకుపోదే, అక్కడే కూకుంటది" అన్నాడు బావ. "అప్పుడు నువ్వు పడితే నాను మోసుకెల్లినాను. ఇప్పుడు పడితే నిన్ను ఎవులు మోత్తారు?"

అప్ప మాత్రని నూరి అంబలిలో కలిపి ఇచ్చింది. చేదు తెలిసి గిన్నె పక్కకి జరిపాడు. అప్పకి వినబడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని మూలిగేవాడు. వినబడకుండా ఉంటుందా, ఒక్క గది ఇల్లు. అలాగే పోయాడు.

ఇప్పుడు ఆ ఊళ్ళో తాగుబోతుల పెళ్ళాలు మొగుళ్ళని తీసుకొచ్చి బావ ఫొటో ముందు కూర్చోబెడతారు. పెద్దబావ గొంతు సవరించుకుని, "మాటంటే నా తమ్ముడిది. పానం పోయినా ఒట్టు తప్పనేదు" అని చెబుతాడు. వాళ్ళు దండం పెట్టుకుంటారు. అప్ప లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ మాత్ర మింగి హాయిగా పోవలసిన మనిషి. కాలం అన్నీ మరిపిస్తుందని నన్ను ఓదారుస్తారు. మరిపించిందిలెండి. బావ మూలుగుని మరిపించేసి, ఆ ఒట్టుని మాత్రం ఊరికి మిగిల్చింది.