వేపతోరణానికి ఇవతల

ఇది ఒక మహా పర్వతారోహణ గాథ. ఇందులో జోరువాన ఉంది, బురద ఉంది, కాలంతో పందెం ఉంది. శిఖరం ఒక్కటే లేదు. మేము ఎక్కిన కొండను మేకలు పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవి, వాటినెవరూ మెచ్చుకోలేదు. అయినా చెరకురసం బండి దగ్గర ఐసు దంచే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు సుందరమ్మ గారే గుర్తొస్తారు.

ఎనభైల నాటి మాట. పుత్తూరు వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో ఆమె టీకాల నర్సు, నేను ఆమె కింద కొత్తగా చేరిన తాత్కాలిక ఉద్యోగిని. యాభై దాటిన పొట్టి మనిషి. నా హాస్యానికి ఆమె ఒక్కసారీ నవ్విన పాపాన పోలేదు. కొండమీది పల్లెలో కిందటి ఏడాది ఒక పాపకు పోలియో వచ్చి కాలు చచ్చుబడింది. ఆ వార్త విన్నప్పటి నుంచి ఆ పల్లె పిల్లలందరికీ మూడు విడతల చుక్కలూ వేసి తీరాలని సుందరమ్మ గారు పట్టుబట్టారు. రెండు పడ్డాయి. మూడో విడత రోజు వచ్చేసరికి, మే నెల కత్తిరి ఎండలు కాయవలసిన ఆకాశం మూడు రోజులుగా కురుస్తూనే ఉంది. చుక్కల మందు ఫ్లాస్కులో ఐసు ఉన్నంతసేపే మందు, కరిగాక వట్టి నీళ్లు. అందుకని వాన నిలిచేదాకా ఆగుదామన్న నా సలహా చెల్లలేదు.

దారి మొదట్లోనే నా చెప్పు ఒకటి బురదలో కూరుకుపోయింది. వంగి వెతకబోయాను.

"వచ్చేటప్పుడు సూసుకుందాం లేప్పా. అది యాడికీ పోదు," అన్నారామె, తన చెప్పులు సంచిలో వేసుకుంటూ. "కాలివేళ్లు నేలలో నాటి ఎక్కు. పైకి సూడొద్దు, కొండ పెద్దగా కనిపిస్తాది."

పైకి చూడలేదు. అందుకే తల ఎత్తున ఉన్న బండ కనిపించక, గుద్దుకుని వెల్లకిలా పడ్డాను. చేతిలో ఉన్న ఫ్లాస్కును మాత్రం గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. ఆమె పరుగున వచ్చారు.

"దెబ్బ తగిలిందా?"

"నడుము దగ్గర కొంచెం..."

"నీకు కాదప్పా, దానికి." ఫ్లాస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. లోపల ఐసు గలగలమంది. "ఇంకా మాట్లాడతా ఉండాది. పద."

రెండు గంటల తర్వాత పల్లె పొలిమేర చేరాం. దారికడ్డంగా వేపమండల తోరణం. దాని అవతల ఊరి పెద్ద మునెప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గంగమ్మ జాతరకు నిన్ననే సాటింపేసినామమ్మా. జాతర అయ్యేదాకా బయటోళ్లు తోరణం దాటి రాగూడదు, మావోళ్లు దాటి పోగూడదు."

"జాతర యానాడు?"

"ఇంకా ఆరు దినాలుండాది."

నేను లోలోపల గంగమ్మకు దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగాను. సుందరమ్మ గారు మళ్లీ ఫ్లాస్కు ఊపారు. ఈసారి చప్పుడు బాగా తగ్గింది. ఆమె వాదించలేదు, సర్కారు పేరెత్తలేదు. తోరణాన్ని కింద నుంచి పైదాకా చూశారు.

"మునెప్పా, దాటగూడనిది అడుగా, తలకాయా?"

మునెప్ప తోరణం వైపు, తన పాదాల వైపు చూసుకున్నాడు. "అడుగు దాటగూడదని మా తాత సెప్పినాడు. తలకాయ సంగతి ఆయన సెప్పలే."

"అయితే అమ్మవారి మాట నేను దాటను. పిల్లకాయల నోళ్లు ఇట్లా దాటిస్తే సాలు."

అని తోరణానికి ఇవతల బురదలోనే చతికిలబడ్డారు. మునెప్ప కేకేస్తే వచ్చిన తల్లులు పాదాలు అవతలే ఉంచి, పిల్లల్ని వేపాకుల కింద నుంచి ముందుకు వంచారు. తలకాయలు మా వైపుకొచ్చాయి, నోళ్లు తెరుచుకున్నాయి, చుక్కలు పడ్డాయి. వాన పెద్దదైంది. గొడుగు ఆమెకు పట్టబోతే "నాకెందుకు? ఫ్లాస్కుకు పట్టు," అన్నారు. నోరు తెరిపించబోతే ఒక పిల్లాడు నా వేలు కొరికాడు.

లిస్టులోని పన్నెండు మందీ అయ్యాక, పోలియోతో కాలు చచ్చుబడిన ఆ పాప తోరణం అవతల కర్ర ఊతంగా నిలబడి చూస్తూ ఉండటం గమనించాను. నాలుక చివర సిద్ధంగా ఉన్న జోకు మింగేశాను. నా జీవితంలో అలా మింగిన మొదటి జోకు అదే.

సర్దుకుంటుండగా మునెప్ప ఇంటికి పోయి, గుడ్డలో చుట్టిన మనవరాలిని తెచ్చాడు. "ఈ బిడ్డ నీ లిస్టులో లేదు. దీనికీ ఎయ్యి," అన్నాడు, గొంతు తగ్గించి.

ఇప్పుడు ఏ గుమ్మం దగ్గర ఎవరు అడ్డం నిలబడినా నేను గొడవకు దిగను, తిరిగీ పోను. సరిగ్గా ఏది దాటకూడదో అడుగుతాను, మిగతాది దాటిస్తాను. ఆ రోజు దిగేటప్పుడు మాత్రం మేము గెలిచి వస్తున్నామనే అనుకున్నాను. సుందరమ్మ గారు టీకాల పుస్తకం తీసి నాకు చూపించారు. మునెప్ప మనవరాలికి అది మొదటి డోసు. రెండోది నాలుగు వారాలకు వేయాలి, మళ్లీ ఇదే కొండెక్కి.