కోటు మీద కుట్టిన గ్రూపు

మంచుకొండల్లోని ఆ సైనిక వైద్య శిబిరానికి నేను నర్సుగా చేరింది మధ్యాహ్నం రెండు ఇరవైకి. రెండు గుడారాలు, ఒక బంకరు, ఆరు మంచాలు. రక్తం సీసాలు అంత ఎత్తుకు వచ్చేవి కావు. అవసరమైతే మనుషులే నిల్వ. అందుకని ప్రతి కోటు జేబు మీద రక్తం గ్రూపు కుట్టి ఉండేది.

అక్కడ ఇద్దరు మన దిక్కువాళ్ళు. డ్రైవరుది హవేలిఘనపూర్, వంటవాడిది నిజాంపేట. నాది మెదక్ అని తెలిసిన రోజే డ్రైవరు, "గయితే మీరు మా అక్క లెక్క మేడం. చాయ్‌ల చక్కెర తక్కువైతే వీన్ని నాలుగు తిట్టుండ్రి," అన్నాడు. వంటవాడు గరిటె ఎత్తాడు. "నీకు చక్కెర గాదు, ఉప్పేస్త."

తడిసిన కోట్లు బంకరులో పొయ్యి చుట్టూ వేలాడేవి. బయటికి పోయేవాడు ఆరిన కోటు తొడుక్కునేవాడు. అది ఎవరిదని ఎవరూ చూసేవారు కాదు. నేను చూశాను, ఎవరి కోటు వాళ్ళే తొడుక్కోమన్నాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు. ఓపిక లేకపోయింది.

నలభై ఒకటో రోజు ఉదయం పదకొండు పదికి వంటవాడు కిరోసిన్ డబ్బాతో సహా వాలులో జారిపడ్డాడు. తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పదకొండు నలభైకి మంచం మీదికి తెచ్చారు. మాట లేదు. నాడి నూట నలభై. మెడలో ఉండాల్సిన, పేరూ గ్రూపూ చెక్కిన బిళ్ళ లేదు. పొయ్యి సెగకు కాలుతుందని మేకుకు తగిలించేవాడు, ఆ రోజు మేకుకూ కనబడలేదు. కోటు మీద మాత్రం బి పాజిటివ్ అని ఉంది.

వైర్‌లెస్‌లో జవాబు వచ్చింది: "మంచు. హెలికాప్టర్ రేపే."

"బి వాళ్ళను పిలువు. టైము లేదు," అన్నాడు డాక్టరు.

"ఐదు నిమిషాలివ్వండి సార్."

ఇచ్చాడు. గడియారం చూస్తూ నిలబడ్డాడు. తెల్ల పలక మీద వంటవాడి రక్తపు చుక్కలు వేసి పరీక్ష మందులు కలిపాను. బి అయితే బి మందు పడిన చుక్క విరిగిన పాలలా కావాలి. కాలేదు. ఏ మందు పడిన చుక్కా విరగలేదు, ఆర్‌హెచ్ మందుది తప్ప. మళ్ళీ చేశాను. ఓ పాజిటివ్.

డ్రైవరు అప్పటికే స్టూలు మీద కూర్చుని చొక్కా చేయి పైకి మడిచాడు. "ఆ కోటు నాదే మేడం. నాది బి. తీస్కోండ్రి."

"నీది వానికి పడదు."

"కోటిచ్చిన. ఒక్క కంచంల తిన్నం. రక్తం ఇయ్యొద్దంటరా? నాది మంచిగ లేదా?"

"మంచిదే. నీ రక్తకణాల మీద బి గుర్తుంటది. వాని ఒంట్ల ఆ గుర్తు లేదు. పరాయిదనుకొని పగలగొడ్తది. ఓ వాళ్ళకు ఓ కణాలే ఎక్కియ్యాలె."

"మరి వానిది నాకు పడ్తదా?"

"పడ్తది."

"గిదేం లెక్క మేడం! వాడిస్తే నేను బతుకుత. నేనిస్తే వాడు సస్తడా?"

పలక తుడిచి పక్కన పెట్టాను.

శిబిరంలో ఓ వాళ్ళం ఇద్దరమే, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. మా రక్తం వంటవాడి రక్తంతో కలిపి చూడటానికి మరో ముప్పై నిమిషాలు. పన్నెండు ముప్పైకి మొదటి సీసా, ఆపరేటరుది. ఒకటి ఇరవైకి నాది. ఇచ్చి లేచి అతని బీపీ చూశాను. డెబ్బై నుంచి తొంభై ఆరుకు వచ్చింది.

మరునాడు తొమ్మిది ఐదుకి హెలికాప్టర్ దిగింది. వంటవాడు బతికాడు. ఒక కాలు పొట్టిదైంది.

ఆ తర్వాత అరవై రెండు రోజులకు మెదక్‌లో బస్సు దిగాను. ఇప్పుడు ఇక్కడ రక్తదాన శిబిరం పెడితే నన్ను పిలుస్తారు. "మా గ్రూపు మాకెరుకే మేడం, కార్డు మీదున్నది," అంటారు కాలేజీ పిల్లలు. కార్డు పక్కన పెట్టి పరీక్ష సూదికి వేలు ఇవ్వమంటాను. నవ్వుతారు.

వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు గుడారంలో మైనస్ నాలుగు డిగ్రీలు. వంటవాడి ఒంటి మీది డ్రైవరు కోటును నేనే కత్తెరతో కోసి తీశాను. వంటవాడి కోటు పొయ్యి దగ్గర ఇంకా ఆరలేదు. రెండో సీసా ఖాళీ అయ్యేదాకా డ్రైవరు ఆ స్టూలు దిగలేదు. చొక్కా చేయి దించమని రెండుసార్లు చెప్పాను. దించలేదు. మోచేయి పైదాకా మడిచిన ఆ చేయి, నీలం తిరిగి, అట్లాగే చాచి ఉంది.